చింతపండుతో తోమిన రైఫిల్

నా చిన్నప్పుడు మేము ఐర్లండ్‌లోని లిమరిక్‌లో అద్దెకుండేవాళ్ళం. మాంద్యం రోజులు. వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాన్న ఉద్యోగం పోయింది. తలుపు చప్పుడైతే చాలు, ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని అమ్మ ముఖం పాలిపోయేది. ఇంటి యజమాని పక్కింట్లోనే ఒంటరిగా ఉండే ఐరిష్ పెద్దాయన. నేను తాతా అని పిలిచేదాన్ని.

ఆయన పాతకాలపు సైనిక రైఫిళ్ళు సేకరించేవాడు. ఆయనకీ రోజులు బాగాలేక ఒక్కొక్కటే అమ్మేయగా, గొట్టంలోకి మందు కూరి పేల్చే కాలం నాటిది ఒకటి మిగిలింది. దాన్ని కొనడానికి డబ్లిన్ నుంచి ఒకాయన రావలసి ఉంది.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజలో పెట్టడానికి నాన్న దగ్గర పనిముట్టంటూ లేదు. ఫ్యాక్టరీ వాళ్ళ పనిముట్ల పెట్టె ఫ్యాక్టరీకే ఇచ్చేశాడు. ఆ సంగతి విని తాత తన రైఫిల్ తెచ్చి, పొద్దున దాకా ఉంచుకోమన్నాడు. దేవుడి ముందు పెట్టే వస్తువును తోమకుండా పెట్టడం అమ్మకు తెలియదు. రైఫిల్ మడమకున్న ఇత్తడి పలక, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కమ్మీ నల్లబడి ఉన్నాయి. చింతపండు, ఉప్పు వేసి దీపపు కుందుల్లా తళతళలాడించింది.

నాన్న చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ నలుపేనే దాని వయసు. అది చూసే అసలుదో నకిలీదో చెప్తారు. ఇప్పుడు సగం ధర కూడా పలకదు."

అమ్మ దీపపు మసిలో నూనె కలిపి ఇత్తడికి పులమబోయింది. నేను మెట్ల కింద నక్కి చూస్తున్నాను.

"వద్దు. ఆయన కనిపెట్టలేడనుకున్నావా?"

"మరి పొమ్మంటే? పిల్లను తీసుకుని ఎక్కడికి పోదామండీ?"

నాన్న ఒక పాత గుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అమ్మ వేళ్ళకున్న మసి తుడిచేసుకుంది. పొద్దున్నే తనే రైఫిల్ ఎత్తుకుని పక్కింటికి నడిచింది. నేను ఆమె చున్నీ అంచు పట్టుకుని వెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులో, తానే తోమానని చెప్పింది. తాత కిటికీ దగ్గర దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"యుద్ధాల్లోంచి బయటపడింది గానీ, నీ వంటింట్లో దొరికిపోయింది," అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

"మేము ఇల్లు ఖాళీ చేయాలా?" అంది అమ్మ.

"దీనికీ ఇంటికీ ఏమిటమ్మా సంబంధం?"

ఆ రోజే కొనడానికి వచ్చినాయన పెదవి విరిచాడు. ఏదో ద్రావకం రాస్తే వారంలో పాత రంగు వచ్చేస్తుందనీ, ఎవరూ పోల్చుకోలేరనీ చెప్పాడు. తాత ఒప్పుకోలేదు.

"నిన్న తోమారు. నువ్వు ఇంకొకరికి అమ్మేటప్పుడు ఆ మాట కూడా చెప్పి అమ్ము."

తక్కువకే ఇచ్చేశాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఈ చలికాలం గడుస్తుందో లేదో అని గొణిగాడు. సొంత ఇల్లున్నవాళ్ళకు భయం ఉండదనే నా నమ్మకం అక్కడితో పోయింది.

ఇప్పుడు డబ్లిన్ పక్కనున్న టాలట్‌లో ఉంటున్నాను. మా పాపకు ఎనిమిది నెలలు. పోయినవారం మంచం మీద నుంచి పడి నుదురు బొప్పి కట్టింది. నన్నెలాంటి తల్లి అనుకుంటారోనని, జీపీ డాక్టరు దగ్గర కూర్చున్నంతసేపూ నా తప్పు లేని కథ ఒకటి అల్లుకున్నాను. లోపలికి పిలిచాక, "పాపను మంచం మీద వదిలి, అల్మారాలోంచి తువ్వాలు తేవడానికి వెళ్ళాను. నేను పక్కన లేను," అని చెప్పాను. నా భయం తగ్గలేదు. భయపడుతూనే జరిగింది జరిగినట్టు చెప్పడం మాత్రం ఆ పక్కింట్లో నేర్చుకున్నాను.