తెర పక్కన మనిషి

ఆఫీసులో ఆమెను అందరూ మౌసుల దొంగ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఏ వెబ్‌సైటైనా జనంలోకి వెళ్ళే ముందురోజు ఆమె ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్ళి, మౌసులన్నీ పీకి, సొరుగులో పడేసి తాళం వేస్తుంది. "చేతులు వణికేవాళ్ళూ, చూపు లేనివాళ్ళూ కీబోర్డు మీదే బతకాలి. మీరూ ఒక్క పూట బతకండి నాయనా!" అంటుంది. ఎంత గొణిగినా తాళంచెవి ఇవ్వదు. అంత కచ్చితమైన మనిషి.

అంత కచ్చితమైన మనిషీ ఒకసారి పప్పులో కాలేసింది. అదీ ఎక్కడా? కన్నతండ్రి దగ్గర.

తండ్రి దర్జీ. వీధి దర్జీ కాదు, నాటకశాల దర్జీ. రాజుల కోట్లు, రాణుల పావడాలు, విదూషకుల అతుకుల చొక్కాలు అన్నీ ఆయన చేతి మీదుగానే వేదికెక్కాయి. పెద్దవయసులో చూపు మెల్లమెల్లగా తగ్గి, చివరికి వెలుగేదో చీకటేదో తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. తెర మీదున్నది పైకి చదివి వినిపించే గొంతును కూతురు ఫోనులో పెట్టి ఇచ్చింది. ఆయన నాలుగుసార్లు అటూ ఇటూ నొక్కి విసుక్కున్నాడు.

"దానికీ నాకూ పొసగదమ్మా. అల్మారాలో పెట్టెయ్. ఇక నా సంగతి వదిలెయ్."

ఆ 'వదిలెయ్' అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మనిషి కుర్చీకి అతుక్కుపోయాడు. నవ్వు లేదు, కబుర్లు లేవు. పక్కనే కూర్చున్న భార్య పలకరిస్తే ఊ కొట్టేవాడు, అంతే.

అలాంటి రోజుల్లో నాటకశాలవాళ్ళు తమ వెబ్‌సైటు పనిని ఆమె ఆఫీసుకే అప్పగించారు. అందులో పాత నాటకాల ఫొటోలకు విడిగా ఒక పేజీ. ఆ మాట చెవిన పడగానే ముసలాయన నిటారుగా కూర్చున్నాడు.

"నేను కుట్టినవన్నీ ఉంటాయా?"

"అన్నీ ఉంటాయి నాన్నా. నీ అంతట నువ్వే తెరిచి వినొచ్చు."

ఫోను అల్మారాలోంచి బయటికొచ్చింది. వేలు ఎటు జరపాలో, ఎక్కడ రెండుసార్లు తట్టాలో పట్టుబట్టి నేర్చుకున్నాడు. తప్పు నొక్కినప్పుడల్లా ఫోనును తిట్టాడు, తిట్టి మళ్ళీ నొక్కాడు. వంటింట్లోంచి ఆ తిట్లు వింటూ తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడే అయింది పొరపాటు. వెబ్‌సైటులో ప్రతి ఫొటో వెనకా, అది చూడలేనివాళ్ళ కోసం అందులో ఏముందో రాయాలి. ఉత్త పూలూ గీతలూ అయితే 'అలంకారం' అని గుర్తు పెడితే చాలు, చదివే గొంతు దాన్ని దాటుకుని పోతుంది. నాటకశాల ఫొటోలు చివరి నిమిషంలో వచ్చాయి. తర్వాత తీరిగ్గా రాద్దాంలే అనుకుని ఆమె అన్నిటికీ ఆ గుర్తే పెట్టేసింది. ఆ తర్వాత మరిచిపోయింది. పరీక్షలో ఎవరికీ దొరకలేదు. గొంతు తప్పు చదివితే దొరుకుతుంది గానీ, అసలు నోరే విప్పకపోతే ఎలా దొరుకుతుంది? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడడమంటే ఇదే!

వెబ్‌సైటు తెరుచుకున్న రోజు పొద్దున్నే తండ్రి ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. తల్లి పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"పాత నాటకాల చిత్రాలు," అంది ఫోను. ఆయన వేలు జరిపాడు. "మమ్మల్ని సంప్రదించండి," అంది.

వెనక్కి జరిపాడు. ముందుకు జరిపాడు. మళ్ళీ అదే.

"నా బట్టలేవమ్మా?" అన్నాడు. అంతలోనే తగ్గిపోయాడు. "నాకే చేతకావడం లేదేమోలే. ఇదిగో, తీసుకెళ్ళి లోపల పెట్టెయ్."

ఆమె ఫోను అందుకుంది, చూసింది.

"నీకు చేతకాకపోవడమేంటి నాన్నా! తప్పు నాది. నీ బట్టల్ని నేనే దాటుకుపొమ్మని రాశాను." పైకి అనేసరికి ఏడుపు ఆగలేదు.

ఆయన తడుముకుంటూ ఆమె భుజం పట్టుకున్నాడు. "కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టాలి. ఏడిస్తే అతుక్కుంటుందా? నీ కంప్యూటర్ తీసుకురా."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"వేదిక మీద ఎర్ర కోటు వేసుకున్న రాజు," అని చదివింది ఆమె.

"ఏం ఎరుపు?"

"ఎరుపంటే ఎరుపే కదా నాన్నా."

"చోద్యం కాకపోతే! ఇటుక ఎరుపా, దానిమ్మ గింజ ఎరుపా?"

ఆమె ఫొటోకు దగ్గరగా వంగింది. "దానిమ్మ గింజ. అంచున బంగారు దారం."

"మరి ఎడమ చెయ్యి?"

కోటు ఎడమ చెయ్యి పొట్టిగా ఉంది. "బాగానే ఉంది," అంది.

"అబద్ధం. ఆవేళ గుడ్డ చాల్లేదు. నా దగ్గర నీకు మొహమాటమేంటే? ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతే నేను చూసినట్టెలా అవుతుంది?"

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. ఆయన తృప్తిగా తలూపాడు.

తర్వాతి ఫొటోలో రాణి చేతులు జోడించి నిలబడి ఉంది. పావడా అంచు సంగతి చెప్పమన్నాడు. అంచు కోసం ఆమె ఫొటోను పెద్దది చేసింది. ఇంతకుముందు చూసిన ఫొటోయే. కానీ ఇప్పుడు అంచు మాట మరిచి, దాన్ని ఇంకా పెద్దది చేసింది.

"ఏమ్మా, చిరిగిందా?"

"కాదు నాన్నా. తెర పక్కన ఒకాయన ఉన్నాడు. సన్నగా, మెడలో టేపు. మోకాళ్ళ మీద కూర్చుని పావడా అంచు వంకే చూస్తున్నాడు. పెదాల మధ్య సూది."

"సూదా!" తల్లి కత్తిపీట ముందు నుంచి లేచింది. "నోట్లో సూది పెట్టనని నా నెత్తిన చెయ్యేసి ఒట్టేశారే! ఎంత మాయదారి మనిషండీ మీరు!"

ముసలాయన ఆ మాట వినే స్థితిలో లేడు.

"ఫొటోలో నేనూ పడ్డానా?" అన్నాడు. "జనమంతా రాణీగారిని చూస్తుంటారు. నన్నెవరు చూశారమ్మా?"

"నేను చూశాను నాన్నా. ఇవాళే చూశాను."

రాసింది. ఆయన ఫోను అడిగి తీసుకుని, తన వేలితోనే వెతికి ఆ ఫొటో దగ్గరికి చేరాడు. ఫోను చదివింది, తెర పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న దర్జీ గురించి, పెదాల మధ్య సూది గురించి.

"ఆ సూది ముక్క తీసెయ్యవే, పరువు పోతుంది," అంది తల్లి.

"ఉండనీ," అన్నాడాయన. వేలు వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు.

కాసేపటికి తల్లి మెత్తబడింది. "ఇక చాల్లెండి. ఫోను అల్మారాలో పెట్టనా?"

"ఎందుకూ?" ఫోనును ఒళ్ళోకి లాక్కున్నాడు ముసలాయన. "ఛార్జరు తెచ్చి ఇక్కడ పెట్టు. విదూషకుడి చొక్కా ఇంకా చూడలేదు."