సినిమాలో లేని ఉప్పలమ్మ

దేవరకొండ సాలెవాడలో ఉండే ఉప్పలమ్మకు ఒక్క అక్షరం రాదు. అయినా ఒక నవల మొత్తం ఆమెకు నోటికి వచ్చు. ఎక్కడి నుంచి అడిగినా అక్కడి నుంచి అప్పజెప్పేది. ఎవరైనా ఒక్క మాట మార్చి చెబితే ఊరుకునేది కాదు, వెనక్కి పోయి మళ్లీ చెప్పించేది. నోటికి ఎందుకు రాదూ? అది ఆమె కథే.

రాసినవాడు ఫక్రుద్దీన్ సారు. పోలీసు యాక్షన్ తర్వాత బడిపంతులుగా వచ్చి, ఉప్పలమ్మ ఇంటి ముందర గదిలో ఆరేళ్లు కిరాయికున్నాడు. సాయంత్రాలు మగ్గం గుంట పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. ఆమె నేస్తూ చెప్పేది, ఆయన రాసుకునేవాడు. ‘తెంపిన పడుగు’ అని పేరు పెట్టి యాభై ఏడులో అచ్చు వేయించాడు. అచ్చంపేటకు బదిలీ అయి పోతూ ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టాడు. కోడలు లీలమ్మ ఐదో తరగతి దాకా చదివింది. మధ్యాహ్నం పూట కండెలు చుట్టడం ఆపి ఆమె పైకి చదివేది, అత్త నేస్తూ వినేది. అట్టలు ఊడిపోయి, నూలుతో కుట్టుకునేదాకా చదివారు.

పద్నాలుగో అధ్యాయం వచ్చిందంటే ఉప్పలమ్మ నేత ఆపి, చేతిలోని నాడె పక్కన పెట్టేది.

అది దొరల కాలం. దొర ఉండే గడిలో పెళ్లి, మగ్గానికో చీర వెట్టిగా ఇవ్వాలని హుకుం. ఆ ఏడు అది మూడోసారి. మగడు సిద్దిరాములు జ్వరంతో మంచాన పడితే, ముప్పై ఏళ్ల ఉప్పలమ్మే మగ్గంలో కూర్చుంది. గడి గుమాస్తా వెంకటనర్సు గడపలో నిలబడి, రేపటికి చీర దిగకపోతే మగ్గం పీకించుకుపోతానన్నాడు. ఆమె కత్తెర తీసి, సగం నేసిన చీరను పడుగుతో సహా కోసి అతని భుజం మీద వేసింది. “తీస్కపో, దొర బిడ్డకు సగం చీర” అంది. మగ్గం మీది పడుగును, ఆ నిలువు పోగులను, నడిమధ్యన కోయడమంటే సాలోళ్లకు చేతులు రాని పని. అలాంటిది పొద్దు గూకేలోగా ఆ వాడలో పదకొండు మగ్గాల మీద కత్తెర ఆడింది. మోసేందుకు వెట్టివాడు ఒక్కడూ రాలేదు. సగం చీరల మూటను వెంకటనర్సు తన నెత్తిన తానే పెట్టుకుని గడికి నడిచాడు.

దానికి గడి పగ తీర్చుకున్నది పదిహేనో అధ్యాయంలో. సిద్దిరాములును జ్వరంతోనే ఈడ్చుకుపోయి గడి స్తంభానికి కట్టించింది ఆ వెంకటనర్సే. నాలుగో రోజున సిద్దిరాములు చనిపోయాడు. వెంకటనర్సు మాత్రం ఆ తర్వాత పదేళ్లు నెయ్యి పోసుకుని తిని, పరుపు మీద పోయాడు.

ఫక్రుద్దీన్ సారు మంచి మనిషి, పిరికి మనిషి కూడా. పుస్తకంలో మొగుడూపెళ్లాల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచాడు. గుమాస్తా పేరు మాత్రం రాయలేదు. ఉప్పలమ్మకు ఆ పుస్తకంలో నచ్చనిది అదొక్కటే.

అరవై మూడు ఎండాకాలంలో సారు దగ్గర నుంచి కార్డు వచ్చింది. “అక్కా, సినిమాకని అడిగితే నా కథ ఇచ్చిన. తప్పు చేసిన. ఆ సినిమాకు నువ్వు పోకు. దాంట్ల నువ్వు లేవు.”

“సారు ఎప్పుడూ గింతే, తన పని తనకే నచ్చదు” అని ఉప్పలమ్మ నవ్వేసింది. తలకు నూనె పెట్టుకుని, పెట్టెలోని చీర కట్టుకుని, వాడంతా వెంట రాగా మొదటి ఆటకు పోయింది. ఖిల్లా కింద డేరా వేసి సినిమాలు ఆడించేవాడు రఘుపతి, వెంకటనర్సు కొడుకు. తండ్రి చేసినదానికి కొడుకునేమంటామని ఇన్నాళ్లూ ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు.

సినిమాకు ‘దయగల దొరబిడ్డ’ అని పేరు మార్చారు. అక్కడే అనుమానం రావాల్సింది. పుస్తకంలో ముప్పై ఏళ్ల మనిషి తెరమీద పళ్లూడిన ముసలమ్మ అయింది. మగ్గం లేదు, ఒక రాట్నం ముందు కూర్చోబెట్టారు. దొరా, దొర కొడుకూ, ఆఖరికి గడి జీతగాడూ పుస్తకాల భాష మాట్లాడుతుంటే, ముసలమ్మ ఒక్కతే గిట్ల, గట్ల అంటుంది. ఆమె నోరు తెరిస్తే చాలు, డేరా అంతా నవ్వు.

“గిట్ల లేదు కదనే!” అంది ఉప్పలమ్మ. లీలమ్మ ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

కత్తెర ఘట్టం వచ్చింది. కత్తెర రాలేదు. పట్నంలో చదివి వచ్చిన దొర కొడుకు గుర్రం దిగి, గుమాస్తాను మందలించి, తన శాలువా తీసి ముసలమ్మకు కప్పాడు. ఆమె అతని కాళ్ల మీద పడి, “నీ బాంచెన్, కాల్మొక్త” అని మూడుసార్లు దొర్లింది. గుమాస్తా కన్నీళ్లు పెట్టుకుంటే అతన్నీ క్షమించింది. అదీ ఓర్చుకుందును అనేది ఉప్పలమ్మ తర్వాత. ఓర్చుకోలేనిది ఆఖర్న వచ్చింది. సిద్దిరాములు బతికే ఉన్నాడు! బతికి, దొర పెళ్లిలో తలపాగా చుట్టుకుని ఎగురుతున్నాడు.

ఆమె లేచి బయటికి వచ్చేసింది. ఏడవలేదు. ఎక్కడా ఆగకుండా ఇంటిదాకా నడిచింది.

మర్నాటి నుంచి అంగట్లో, బావి దగ్గర ఆమెకు కొత్త పేరు పడింది. “ఏమే బాంచెనవ్వా, నూలు తెచ్చినవా?” ఎరిగినవాళ్లు తమాషాకు అన్నారు. ఎరుగనివాళ్లు, ఆ కాలం తర్వాత పుట్టినవాళ్లు, నిజమే అనుకుని అన్నారు. ఇంకో పదేళ్లు పోతే పడుగు తెంపిన మనిషి ఎవరికీ గుర్తుండదు, కాళ్లు మొక్కినదే మిగులుతుంది. సిద్దిరాములు చావు కూడా మిగలదు. ఆ మాట తట్టినప్పుడు ఉప్పలమ్మకు వెంకటనర్సు మళ్లీ గడపలోకి వచ్చి నిలబడ్డట్టే అనిపించింది.

రఘుపతికి తన గొంతంటే తనకే మోజు. పొద్దున్నే బొమ్మలు కట్టిన ఎడ్లబండిలో మైకు పట్టుకుని తానే ఊరంతా తిరిగేవాడు. ఆ బండి బాట సాలెవాడ రెండు గల్లీలకు అడ్డంగా పోతుంది. పొద్దుట గంజి పట్టించడానికి గల్లీ పొడుగునా పడుగులు సాస్తారు, బాట ఇవతలే ఆపుతారు. సాచిన పడుగును ఎవరూ తొక్కరు, దాటరు. దొరల గుర్రాలు కూడా చుట్టు తిరిగి పోయేవి.

ఆదివారం నాడు రెండో గల్లీ పడుగు బాటకు అడ్డంగా సాచి ఉంది. బండి ఆగింది. వెనక్కి తిప్పేలోగా ఆడవాళ్లు మొదటి గల్లీ పడుగును కూడా బాట మీదికి లాగి గుంజకు కట్టేశారు.

“ఏందిది? తీయిర్రి!” అని రఘుపతి మైకులోనే అరిచాడు.

“గంజి ఆరాలె” అంది ఉప్పలమ్మ.

“కాటమయ్యా, తోలు!” అన్నాడు బండివాడితో.

కాటమయ్య పగ్గాలు వదిలి కిందికి దిగాడు. “నా చేత గాదు పటేలా. పడుగు దాటిచ్చి నా ఎడ్లకు పాపం పెట్టలేను” అన్నాడు.

ఉప్పలమ్మ నూలుతో కుట్టిన పుస్తకం తెచ్చి బండిలో పెట్టింది. “మంచి గొంతు నీది. పద్నాలుగు, పదిహేను చదువు. మైకుల చదువు. గుమాస్తా అని ఉన్న కాడల్లా నీ నాయిన పేరు పెట్టి చదువు.”

“నేను చదవ.”

“అయితే కూసో. ఎండకు మాకేం ఫికర్ లేదు, గంజి జల్దీ ఆరుతది. ఇవి ఎత్తినంక ఇంకో రెండున్నయి.”

అప్పటికే జనం గోడలెక్కారు. రఘుపతి అటు చూశాడు, ఇటు చూశాడు. పడుగు దాటి నడిచిపోవచ్చు, కానీ ఇంతమంది ముందు అంత పని చేసినవాడి డేరాకు ఆ తాలూకాలో ఎవరొస్తారు? పుస్తకం తెరిచాడు. మొదట గొణిగాడు. “గట్టిగ” అంది ఆమె. తండ్రి పేరు దగ్గర ఉత్త గుమాస్తా అని దాటేశాడు. “మల్ల చదువు” అంది. చదివాడు. మూట తండ్రి నెత్తికెక్కింది. స్తంభానికి తాడు బిగిసింది. సిద్దిరాములు నీళ్లడిగాడు, ‘వెంకటనర్సు’ ఇవ్వనీయలేదు. ఆ నాలుగు రోజులూ మైకులో బజారు దాకా వినబడ్డాయి. గోడల మీద ఎవరూ నవ్వలేదు. ఉప్పలమ్మకు హాయిగా ఉంది. పదిహేడేళ్లుగా మోస్తున్నది దించుకున్నట్టుగా, చల్లగా, హాయిగా ఉంది. అలా అనిపించినందుకు ఆమె సిగ్గుపడలేదు.

చదవడం అయ్యాక ఆమె సైగ చేస్తే ఆడవాళ్లు పడుగు ఎత్తారు. రఘుపతి బండి దిగి వచ్చి పుస్తకం రెండు చేతులా అందించాడు. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

“ఇగ మాఫ్ చేసినట్టేనా అవ్వా?” అన్నాడు.

“మాఫ్ చేసే అవ్వ నీ సినిమాల ఉన్నది. టికెట్ కొనుక్కొని పోయి అడుగు” అని ఉప్పలమ్మ గంజి గిన్నె అందుకుంది.