సాయంత్రపు వేడి

ఇల్కల్‌లో మా పక్కింటి నీలవ్వ కొడుకు ఈరప్ప క్షయతో పోయాడు. పగలంతా మామూలుగానే ఉండి, పొద్దు వాలేసరికి ఒళ్లు కాలిపోవడంతో మొదలైంది అతని జబ్బు. "మగ్గం అలసటలేరా, పడుకో" అనేది నీలవ్వ ప్రతిసారీ. అతను పోయాక ఆ మాటే ఆమెను లోలోపల తినేసింది.

కోడలు కస్తూరి రెండేళ్ల కూతురు గంగిని పెట్టుకుని మళ్లీ మగ్గమెక్కింది. ఒక సాయంత్రం ఆమె నీరసంగా కూర్చుని ఉంటే నీలవ్వ నుదురు తాకి చూసి, కంగారుగా థర్మామీటరు నోట్లో పెట్టింది. పాదరసం తొంభై తొమ్మిది దాటిందని కస్తూరే చదివి చెప్పింది. మర్నాడు సాయంత్రమూ అంతే.

ఆనాటి నుంచి కోడలికి కంచం వేరు, పడక వేరు. పిల్లను దగ్గరికే పోనివ్వలేదు.

"నాకు దగ్గు కూడా లేదత్తా. దాన్ని ఒక్కసారి ఇవ్వు."

"మొదట్లో వాడికీ లేదే! నా కొడుకు పోయింది చాలదా, దీన్ని కూడా పోగొట్టుకోమంటావా?"

గంగి ఏడిస్తే మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె కస్తూరి చేతిలో ఆగేది. ఏడుపు సద్దుమణిగాకే మళ్లీ కదిలేది.

"ఆసుపత్రికి తీసుకెళ్లు నీలక్కా" అని నేను ఎన్నిసార్లు చెప్పినా, "జబ్బు ఉందని చెప్తే నేనేమైపోవాలే?" అని తలుపేసుకునేది.

నెలల తరబడి అలా గడిచాక, వానలు మొదలయ్యే రోజుల్లో కస్తూరే మా గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు తోడు రా చిన్నమ్మా. ఉంటే ఉందని తెలుస్తుంది." మేము బయల్దేరితే, పిల్లను చంకనేసుకుని నీలవ్వ వెనకే నడిచింది.

కళ్లె పరీక్ష, ఎక్స్‌రే అన్నీ చేశారు. జబ్బు జాడే లేదు.

"జ్వరం ఎప్పుడు చూశావు పెద్దమ్మా?" అంది డాక్టరమ్మ.

"సాయంత్రాలు."

"పొద్దున్నో?"

"పొద్దున చూడలేదు."

"తెల్లారుజామున ఒళ్లు చల్లగా ఉంటుంది. సాయంత్రానికి కాస్త వేడెక్కుతుంది, ఒక్కోసారి డిగ్రీ దాకా. అందరికీ అంతే. నూరు దాటితేనే జ్వరం. ఇది కాదు. కావాలంటే నీకూ పెట్టుకుని చూడు."

ఆ సాయంత్రం పెట్టుకుంది. చూపు ఆనకపోతే నా చేతికిచ్చింది. "తొంభై తొమ్మిది మీద రెండు గీతలక్కా" అన్నాను. నీలవ్వ లేచి, గంగిని తీసుకెళ్లి తల్లి ఒడిలో పెట్టింది.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నానమ్మ కొంగు వదల్లేదు.

కస్తూరి చేతులు వెనక్కి తీసుకుంది. "ఏడిపించకత్తా. దానంతటదే వస్తుందిలే."

వచ్చింది గానీ, వానలు వెలిసేదాకా రాలేదు. అన్నాళ్లూ నీలవ్వ కోడలి ముఖంలోకి చూసి మాట్లాడలేకపోయింది.