పాకం చూసే నాలుక

పొద్దున్న ఆరున్నరకి విశాఖలో చోడవరం బస్సెక్కాను. చోడవరం పక్క పల్లెలో ఉండే మా అప్ప ముందురోజు ఫోన్ చేసింది. "మీ బావకి ఇంకో కాలివేలు నల్లబడతందే. నీ మాటైతే ఇంటాడు, ఓపాలి రాయే" అంది. బావకి షుగరు. పోయినేడాది బొటనవేలు తీసేశారు. నాదీ అదే జబ్బు. అన్నం, తీపి మానేసి నెట్టుకొస్తున్నాను. మొదట్లో టీలో తీపిమాత్రలు వేసుకునేదాన్ని. నాలుకకి తీపి తగిలినంతకాలం అన్నం మీద యావ చావలేదు. విసుగొచ్చి వాటినీ అవతల పారేశాను.

సబ్బవరం దాటాక డబ్బా తీసి ఉడకబెట్టిన గుడ్లు తింటుంటే పక్కసీటావిడ జాలిపడింది. "ఇడ్లీ కూడా తినకూడదేటమ్మా? మరింక బతికేటి లాభం?"

నాలాంటివాళ్లు ఈ దారిన వస్తే తిండి వెంట తెచ్చుకోండి. చోడవరంలో దిగాక టీ చెప్పేటప్పుడే పంచదార వద్దనండి. లేదంటే కలిపి ఉంచినదే పోస్తారు.

ఆటో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. అప్పా బావా గానుగ దగ్గరున్నారు, చెరకురసం కాచి బెల్లం వండుతున్నారు. అప్ప టీ ఇచ్చింది. బావ తన గ్లాసులో తీపిమాత్ర వేసుకుని, "సూసేవా మరదలా, పంచదార ముట్టి ఏడాదయింది" అన్నాడు గర్వంగా. గ్లాసు పక్కన పెట్టి పెనం దగ్గరికెళ్లి, పాకం చుక్కని నీళ్లలో వేసి, ఉండచేసి నోట్లో వేసుకున్నాడు. కాసేపాగి ఇంకోటి.

"బెల్లం తింటున్నావేంటి బావా?"

"తిండమేటే? పాకం సూస్తన్నాను. దించాలో వద్దో పంటికే తెలుస్తాది."

పొద్దుగూకేదాకా, పెనం పెనానికీ ఇలా చూడటమే! నాకు ఒళ్లు మండిపోయింది. "కాలు పోతుంది బావా! వేళ్లతో చూసుకో, నోట్లో పెట్టకు" అని అరిచాను.

ఆయన తర్వాతి పెనానికి పాకాన్ని వేళ్లతోనే నలిపి చూసి దించమన్నాడు. అప్పటికే ముదిరిపోయింది. బెల్లం నల్లగా, మాడు వాసనతో తేలింది.

"ఇది అనకాపల్లి మార్కెట్లో ఎవుడు కొంటాడే?" అని ఓ ముక్క నా చేతిలో పెట్టాడు. కోప్పడినా బాగుండేది. నోట్లో వేసుకున్నాను. చేదు.

ఆ తర్వాతి పెనం పాకానికొచ్చింది. బావ పాకాన్ని ఉండచేసి వేళ్ల మధ్య పట్టుకుని నావైపు చూశాడు. ఈసారి వద్దనే ధైర్యం చాల్లేదు, తల తిప్పుకున్నాను. అప్ప పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోస్తోంది. ఆమె మొహం చూడలేకపోయాను.

సాయంత్రం ఆటో ఎక్కిస్తూ అప్ప, "వచ్చేవు, అదే సాలులే" అంది. ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

నాలుగున్నర బస్సు దొరికింది. నాకు తీపి మానడమంటే నోరు కట్టుకోవడం, అంతే. ఆయనకి పని మానడం. ఆ సంగతి ఆలోచించకుండానే బుద్ధులు చెప్పడానికి బయల్దేరాను. సబ్బవరం దాకా నోట్లో ఆ మాడు చేదు వదల్లేదు. ఇక అప్ప ఫోన్ మోగితే, ఈసారి ఏ వేలు తీసేశారని అడగాలేమోనని భయంగా ఉంది.