మూడు మెట్లు కింద

మా నంద్యాల చర్చిలోని కరెంటు ఆర్గాను అమెరికా దొరలు వెళ్తూ వెళ్తూ వదిలిపెట్టినది. వాళ్ల దేశంలో కరెంటు సెకనుకు అరవైసార్లు ఊగుతుంది, మన దగ్గర యాభైసార్లు. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది గానీ ఆ ఊపు మారదు. లోపలి మోటారు ఊపును బట్టే తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా తిరిగేది, ప్రతి స్వరమూ మూడు మెట్లు కిందికి పలికేది. ఇదంతా చాలా తర్వాత తెలిసింది. చర్చి పాటంటే అంత బరువుగానే ఉంటుందనుకుని పెరిగాం మేము.

ఆర్గాను వాయించేది మా నాయన, పాట ఎత్తుకునేది మా అమ్మ. ఆమెది గంభీరమైన గొంతు. ఆ కింది స్వరంలో చర్చి మొత్తాన్ని వెంట నడిపించేది. పుట్టిల్లు ఆళ్లగడ్డకు పోయినప్పుడు మాత్రం అక్కడి హార్మోనియంతో కలవలేక మధ్యలోనే ఆగిపోయేది. "నంద్యాలోళ్లు బాయిలో కూచోని పాడతాండారు" అని మా పెద్దమ్మ ఎగతాళి చేసేది. అమ్మ నవ్వి ఊరుకునేది.

కొన్నేళ్ల కిందట సంఘపెద్దలు ఆ ఊపును అరవైకి మార్చే మిషను ఒకటి తెప్పించారు. ఆ ఆదివారం ఆర్గాను తన అసలు స్వరంలో పలికింది. నాయన ముఖం వెలిగిపోయింది. అమ్మ గొంతు రెండో చరణంలో పగిలింది.

"ఇదే సరైన స్వరమంట" అన్నాడు నాయన ఇంటికొచ్చాక.

"అయితే ఇన్నాళ్లూ నేను పాడింది తప్పా?"

ఆ తర్వాత చర్చిలో అమ్మ నోరు విప్పలేదు. కొన్ని మెట్లు తగ్గించి వాయించొచ్చు కదా అని తెలిసినవాళ్లు అనేవాళ్లు. నాయన వేళ్లకు తెలిసిన దారి ఒక్కటే, నాకు నేర్పిందీ అదే. ఆ మిషను మీద నాకు ఇప్పటికీ కోపమే. సరైనదైతే మాత్రం, ఒక మనిషి గొంతు నొక్కాలా?

పోయిన ఎండాకాలం నాయన చనిపోయాడు. శవపేటికను ఆర్గాను పక్కనే దించారు. ఇక వాయించాల్సింది నేనే. అమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది.

"ఆ మిషను తీసెయ్ పాపా. నేను పాడాల."

ఒక సంఘపెద్ద అడ్డొచ్చాడు. "ఆళ్లగడ్డోళ్లంతా వచ్చిండారు, వాళ్లకు ఆ కింది స్వరం అందదు. ఉండనీమ్మా."

"అందకపోతే ఇంటారులే అన్నా" అన్నాను. మిషను తీసి, ఆర్గానును పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించాను. మోటారు అందుకునేదాకా అందరూ నిలబడి కాచుకున్నారు.

అమ్మ పాడింది. గొంతు ఎక్కడా పగల్లేదు. ఆళ్లగడ్డవాళ్లు మొదటి చరణంలో తడబడి, తర్వాత ఊరుకుని విన్నారు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది గానీ వేళ్లు ఆగలేదు.

ఆఖరి స్వరం దగ్గర వేలు తీయలేకపోయాను. అది ఆగితే నాయనను ఎత్తుతారు. మోసేవాళ్లు నా చేతి వైపే చూస్తున్నారు. అమ్మ పాట ముగించి, పేటిక మీద చెయ్యి వేసి, "ఇంక చాలు పాపా, పోనీ" అంది.

తీశాను.