విజేందరన్న అరికాళ్లు

మేళ్లచెరువు పోయే తొవ్వలో, బస్సులు ఆగే కూడలి దగ్గర సాల్మన్ చెప్పుల డబ్బా ఉంది. రేకుల డబ్బా, ముందర గోనెసంచి, దాని మీద తోలుకు బెజ్జాలు వేసే ఆరె, కత్తి, మైనం పట్టించిన దారం. కొత్త చెప్పులు కుట్టించుకునేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. బడిసంచుల జిప్పులు, తెగిన వార్లు, ఊడిన అడుగులు, వీటితోనే పొద్దు గడిచేది. ఎవరొచ్చినా ముందు కాళ్లు చూసేవాడు.

"మనిషి మొకం జూసి ఎన్నడన్న మాట్లాడినవానె, సాల్మనన్నా?" అని పక్కన చాయ్ అమ్మే ఖైసర్ ఎగతాళి చేసేవాడు.

"మొకంతోని నాకేం పనిరా? మొకానికి చెప్పులు తొడుగుతరా?"

తెలంగాణ వచ్చిన మూడో ఏడు ఒక సిమెంటు కంపెనీ కన్ను దగ్గర్లోని బండకింది గూడెం మీద పడింది. ఆ గూడెం మెట్టచెలకల కింద సున్నపురాయి ఉందట. తాతలనాడు గజం భూమి లేని కుటుంబాలు అవి. సర్కారు పంచిన చెలకల్లో పత్తి, కంది వేసుకొని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. సాల్మన్ చెల్లె జంగమ్మను ఇచ్చింది ఆ గూడానికే. మొగుడు పోయినా రెండెకరాల చెలక ఆమెను నిలబెట్టింది.

గని వద్దంటూ కూడలిలో మీటింగు పెట్టినవాడు విజేందరన్న. అప్పటికి పదవిలో లేడు, రావాలని చూస్తున్నాడు. కూలోళ్ల పక్కన కింద కూర్చొని అదే ఆకులో తినేవాడు. కంపెనీల జేబుల్లో ఉన్న నాయకుల పేర్లు చెప్పి మైకు అదరగొట్టేవాడు. ఆ రోజు మాట్లాడుతూ మాట్లాడుతూ స్టేజీ మీదనే చెప్పులు విడిచాడు.

"ఈ గని ఆగేదాక నేను చెప్పులు తొడుగ!"

జనం ఈలలు వేశారు. అతను చెప్పులు చేతబట్టుకొని కిందికి దిగాడు. అందుకుందామని కార్యకర్తలు చేతులు చాపారు. వాళ్లను దాటుకొని నేరుగా సాల్మన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కాకా, ఇవి నీ దగ్గర పెట్టు. గని ఆగిననాడు నీ చేతుల్తోనే తొడుక్కుంట."

సాల్మన్ తండ్రి దొర గడి ముందర చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి. తన చెప్పులు తాను కుట్టుకున్నా, అక్కడ తొడుక్కునే హక్కు లేకపోయింది. అటువంటి తండ్రి కొడుకు ముందుకు ఇంత పెద్దమనిషి చెప్పులు చేతబట్టుకొని వచ్చాడు. సాల్మన్ గోనెసంచికి చేతులు తుడుచుకొని వాటిని అందుకున్నాడు. తెల్లారి పేపర్లో ఫోటో వచ్చింది.

"ఇగ మాకు చెప్పులు కుడ్తవా, లేకుంటె ఢిల్లీ పోతవా?" అన్నాడు ఖైసర్.

"పోతె నిన్ను గూడ తోల్కపోత తియ్, చాయ్ పొయ్యనీకె ఒకడు గావాలె గద."

ఆ చెప్పులను గుడ్డలో చుట్టి డబ్బా పైఅరలో పెట్టాడు. వారం వారం తీసి ఆముదం రాసేవాడు. దారిన పోయేవాళ్లు చూపించమంటే చూపించేవాడు, ముట్టుకోనిచ్చేవాడు కాదు.

వానకాలం పోయింది. గని మీద జనం ఏమనుకుంటున్నారో వినడానికి అధికారులు వస్తారని, ఎవరైనా మైకులో మాట్లాడొచ్చని, చెప్పింది రాసుకుంటారని దండోరా వేశారు. గూడెంలో ఎవరేం మాట్లాడాలో పంచుకున్నారు. జంగమ్మ డబ్బా కాడికి వచ్చి, తెగిన చెప్పు ఒకటి మైకులాగా పట్టుకొని నిలబడింది.

"సార్లకు దండాలు. నా పేరు జంగమ్మ. ఈ చెలక దప్ప మాకు..." అని ఆగిపోయి నవ్వింది. "అన్నా, గంతమంది ముంగట కాళ్లు వణుకుతయేమోనె."

"నువ్వు మాట్లాడేది కాళ్లతోనా? నీ నోరెసొంటిదో మీ అత్త బతికున్నప్పుడు జూసిన."

"పోవె!" అని చెప్పు విసిరింది.

ఆ సభ ఇంకో రెండు రోజులుందనగా విజేందరన్న కారు డబ్బా ముందర ఆగింది.

"కాకా, చెప్పులు తే."

సాల్మన్ కుడుతున్న చెప్పు పక్కన పెట్టాడు. "ఆగిందా, అన్నా? గని ఆగిందా?"

విజేందరన్న నవ్వి భుజం మీద చెయ్యేశాడు. "నీ చెయ్యి మంచిది కాకా" అని స్టూలు మీద కూర్చొని కాలు చాపాడు.

సాల్మన్ గుడ్డ విప్పి, ఎడమచేత్తో ఆ కాలు పట్టుకున్నాడు. మడమ దగ్గర వేళ్లు ఆగిపోయాయి. మెత్తగా ఉంది. ఈ రాళ్లనేల మీద చెప్పుల్లేకుండా నడిస్తే నెల తిరగకముందే మడమ పగులుతుంది, అరికాలు గట్టిపడుతుంది. ఈ అరికాలు పెండ్లిపీట మీది పిల్లగాడి అరికాలులాగా నున్నగా ఉంది. రెండో కాలు పట్టుకున్నాడు. అదీ అంతే. కార్లలో తిరిగే మనిషి గదా, మందేదో రాసుకుంటడేమో అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అప్పటికే చుట్టూ జనం మూగారు. ఎవరో ఫోనులో ఫోటో తీస్తున్నారు. చెప్పులు తొడిగి లేచాడు. కారు పోయింది.

డబ్బా మూసి, దొరికిన ఆటో ఎక్కి గూడెం చేరాడు. "ఆగిందే జంగమ్మా! గని ఆగింది! గీ చేతుల్తోని తొడిగొచ్చిన!" అని ఆటోలోంచే కేకేశాడు. ఆడవాళ్లు పనులు విడిచి వచ్చారు. చర్చి గంట కొట్టారు. జంగమ్మ అన్నను పట్టుకొని ఏడ్చింది, కోడిని కోసింది.

అందరిలోకీ పెద్దవాడు బక్కయ్య ఒక్కడే అడిగాడు. "కాగితమేమన్న వచ్చిందారా, సాల్మన్?"

"నేను తొడిగిన్నంటె కాగితమెందుకే, పెద్దనాయినా? నా మాట మీద నమ్మకం లేదా?"

ఆ పూట సాల్మన్ అన్నీ చెప్పాడు. కారు, స్టూలు, భుజం మీద చెయ్యి, ఫోటోలు తీసినవాళ్లు, ఏదీ విడిచిపెట్టలేదు. అరికాళ్ల సంగతి ఒక్కటే చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. కోడికూర గిన్నె ముందర పెట్టారు, మింగేశాడు.

అది మొదటి పత్తి తీసే అదను. గని ఆగాక ఇక సభెక్కడిదని, ఆ రోజు గూడెమంతా చేలల్లోకి పోయింది. ఆ పొద్దున కూడలిలో బస్సుల మీద బస్సులు దిగాయి, కంపెనీ తోలుకొచ్చిన ముఖం తెలియని జనంతో.

"సాల్మనన్నా, సభ అయితాందట గదా? ఆగిందంటివి?" అన్నాడు ఖైసర్.

సాల్మన్ చేతిలోని ఆరె పడేసి ఉరికాడు. షామియానా కిందికి చేరేసరికి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. కాగితాలు కట్టగడుతున్న గుమాస్తా తల ఎత్తకుండానే చెప్పాడు.

"బండకింది గూడెం పేరు మైకుల పిలిచినం. ఒక్కరు గూడ రాలే. వాళ్లకు ఇష్టమే గావొచ్చనుకున్నం."

పిల్లలకు ఉద్యోగాలిస్తామని కంపెనీ మాటిచ్చినందుకే, ప్రజల మేలు కోరి దీక్ష విరమించానని విజేందరన్న పేపర్లో చెప్పుకున్నాడు. రాయి మోసే లారీల కంట్రాక్టు అతని బామ్మర్దికి దక్కింది. తర్వాతి ఎన్నికల్లో గెలిచాడు కూడా.

"కంపెనీ గెస్ట్‌హౌసుకు ఫ్లాస్కుల చాయ్ తీస్కపోయేటోణ్ని" అన్నాడు ఖైసర్ ఒకనాడు, తల వంచుకొని. "వానకాలంలనే జూసిన. కంపెనీ పెద్దసారు, విజేందరన్న ఒక్క సోఫాల. విజేందరన్న కాళ్లకు చెప్పులున్నయి."

"మరి నాకు జెప్పొద్దారా?"

"నువ్వు ఆముదం రాస్తుంటివి గదనె. నీకెట్ల జెప్పాలె?"

విజేందరన్న ఆ రోజు తనతో ఊరికి ఆ మాట చేరవేయించడానికే వచ్చాడా, ఉత్తగా చెప్పుల కోసం వచ్చాడా అన్నది అతనికి ఇప్పటికీ తెలియదు. తెలిసినా ఏం మారదు. తన వేళ్లకు తెలిసిన సంగతిని తాను దాచుకున్నాడు.

చెలకలు పోయాయి. సర్కారు పంచిన భూమి గనుక వచ్చిన సొమ్ము కూడా అంతంత మాత్రమే. బక్కయ్య చనిపోయాడు. జంగమ్మ కంపెనీ క్వార్టర్లలో ఊడుస్తోంది. రాయి పేల్చినప్పుడల్లా గూడెంలో గోడలు అదురుతాయి. అయినా సాల్మన్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. "వాడు మోసం జేస్తె సాల్మనేం జేస్తడు?" అనేవాళ్లు. పండుగకు పిలిచేవాళ్లు, పీట వేసేవాళ్లు. వాళ్లు తిట్టి ఉంటే తిన్న అన్నం అరిగేదేమో.

నిరుడు కంపెనీ గనిని పెంచుతానంది. ఈసారి ఇండ్లే పోతాయి. మళ్లీ అధికారులు వస్తారని తెలిసి సాల్మన్ గూడెం పోయాడు. జంగమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.

"ఎవ్వడేం జెప్పినా ఇనకుండ్రి. అందరు పోవాలె. నేను గూడ మైకుల మాట్లాడత" అన్నాడు. ఆమె తలూపింది. అక్కడితో లేచి రావచ్చు. లేవలేకపోయాడు.

"జంగమ్మా, ఆనాడు తొడిగేటప్పుడు... ఆయన అరికాళ్లు మెత్తగున్నయే. నడిచిన కాళ్లు గావవి. నాకప్పుడే తెలిసింది."

ఆమె చేతులు ఆగాయి.

"మరి గా పొద్దు ఎందుకు జెప్పకపోతివి?"

"మీరంత గంత సంబురంగ ఉంటిరి..."

"మేం సంబురపడ్డది నీ నోట ఇని గదనె, అన్నా."

కోపంగా అనలేదు. తిరిగి చింతపండు అందుకుంది. కాసేపటికి, "బక్కయ్య పెద్దనాయిన సభ నాడు నాతోని అన్నడు, నేను ఒక్కణ్నన్నా పోయొస్త బిడ్డా అని. నేనే వద్దంటి. మా అన్న అబద్ధమాడడంటి" అంది.

సాల్మన్ లేచి చెప్పులు తొడుక్కుంటుంటే వెనకనుంచి పిలిచింది.

"మొన్ననె అనుకున్నం, ఎవరేం మాట్లాడాలెనో. మేం పోతం. నువ్వు రాకు."

సభ రోజు పొద్దున్నే డబ్బా తెరిచి కూర్చున్నాడు. గూడెం నుంచి రెండు ట్రాలీ ఆటోలు వచ్చాయి, నిండా మనుషులు. రెండోదాని అంచున జంగమ్మ కూర్చొని ఉంది, పెదవులు కదుపుకుంటూ, చెప్పబోయే మాటలు వల్లె వేసుకుంటూ. సాల్మన్ లేచి నిలబడ్డాడు. ఆమె చూసింది. ఆటో ఆగకుండా పోయింది.