రామతీర్థంలో పీకిన వైరు

ఎల్లాజీ గిటారు శబ్దాన్ని పదకొండేళ్ళపాటు మిక్సర్ దగ్గర కూర్చుని తగ్గిస్తూ వచ్చినవాణ్ణి నేనే. నా పేరు జగన్నాధం. శ్రీకాకుళం జిల్లాలో మా ఆర్కెస్ట్రా వాయించని పెళ్ళిపందిరి లేదని గొప్పలు పోయేవాణ్ణి.

ఎల్లాజీది పొందూరు. అందరిలా గిటారుని గలగలా మోగించేవాడు కాదు. రెండు దెబ్బలు కొట్టి ఆగేవాడు. పాట కాస్త ముందుకెళ్ళాక మరొక్కటి, గుమ్మని.

"సేతులు నొప్పెడతన్నాయేటిరా? మజ్జిలో ఆ కాళీలేటి?" అనేవాణ్ణి.

"అదలాగే వస్తాది మావా," అని నవ్వేసేవాడు.

ఓసారి రామతీర్థం తిరునాళ్ళలో, పాట సగంలో ఉండగా లేచి, జనం ముందే అతని వైరు పీకేశాను. ఎల్లాజీ ఆగలేదు. మోగని గిటారునే పాటయ్యేదాకా వాయించాడు. తర్వాత వైరు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళతో "ఆడికి తాళం రాదురా" అన్నాను.

అతను నరసన్నపేటలో ఒక భజన బృందంలో చేరాడు. ఆ తర్వాత విజయనగరం కాలేజీ పిల్లల రాక్ బ్యాండులో. యాభై దాటినవాడికి ఆ కుర్రాళ్ళ మధ్య ఏం పనని ఊరంతా ఎగతాళి చేశాను.

మొన్న ఉదయం ఆ బ్యాండులో పాడే సింధూరి అనే అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఎల్లాజీ వాయించినవన్నీ పోగుచేస్తోందట. వసారాలో మా అమ్మ అసిరమ్మ మంచం పక్కన కూర్చుని ఫోనులో వరసగా వినిపించింది. భజనలో ఆ గిటారు తాళాల చప్పుడు మధ్య చోటు చూసుకుని ఒక్క దెబ్బ వేసి తప్పుకుంటుంది. పిల్లల బ్యాండులో డ్రమ్ములు చెవులు బద్దలుకొడుతుంటే పాటంతా ఆ దెబ్బ మీదే నిలబడింది. ఎక్కడ విన్నా ఆ చెయ్యి తెలిసిపోతోంది. దీన్నా నేను అన్నేళ్ళు నొక్కిపెట్టింది అని తల దించుకున్నాను.

చివర రామతీర్థం తిరునాళ్ళలో ఆ రోజు ఎవరో చేసిన రికార్డింగు పెట్టింది. సగంలో గిటారు ఆగిపోయింది.

"వైరు పాడైపోయిందా సార్?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. "అవునమ్మా," అన్నాను.

పాట సాగుతూనే ఉంది. మంచం పట్టె మీద చప్పుడు వినిపించింది. గిటారు మోగాల్సిన చోటల్లా మా అమ్మ రెండు వేళ్ళతో కొడుతోంది. ఒక్కటీ తప్పలేదు.

"ఇది జముకు దెబ్బ కదే. ఎవులు నేర్పినారు ఆడికి?" అంది అమ్మ.

"చిన్నప్పుడు జాతరల్లో విని పట్టుకున్నారట మామ్మా," అంది సింధూరి.

అమ్మ జాతరల్లో నరం మీటి మోగించే జముకు వాయిస్తూ కథలు చెప్పేది. బడిలో పిల్లలు నన్ను "జముకోడా" అని పిలిస్తే చచ్చేంత సిగ్గుపడేవాణ్ణి. ఆ పేరు పోగొట్టుకోడానికే ఆర్కెస్ట్రా పెట్టాను. ఎల్లాజీకి తాళం రాదని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ దెబ్బని మొదటిరోజే గుర్తుపట్టాను.

"వైరు పాడవలేదమ్మా," అన్నాను సింధూరితో. "నేనే పీకేశాను."

"ఎందుకు సార్?"

పట్టె మీద అమ్మ వేళ్ళు ఆగిపోయాయి. నావైపు తిరిగింది.

"జముకని తెలిసే కదేటిరా పీకినావు," అంది.